చివరి ఎత్తుల చక్రవర్తి కాపాబ్లాంకా

ముగింపు ఆటతోనే ప్రపంచ కిరీటం.. ఆ ముగింపులోనే కోల్పోయిన వైనం

చదరంగం బల్లపై ముప్పై రెండు పావులు కొలువుదీరి ఉన్నంతసేపు అందరూ వీరులే. పావులు ఒక్కొక్కటిగా రాలిపోయి ఇరువైపులా ఒక రాజు, ఒక ఏనుగు, నాలుగైదు బంట్లు మాత్రమే మిగిలినప్పుడు అసలు ఆటగాడెవరో తేలిపోతుంది. ఆ దశలో తనకు సాటి లేరని ఒక తరం పాటు ప్రపంచం చేత అనిపించుకున్న మేటి క్యూబా దేశస్థుడు హోసే రౌల్ కాపాబ్లాంకా. 1921 నుంచి 1927 వరకు ఆయన ప్రపంచ విజేత. ఏ విద్యలో అద్వితీయుడని పేరుపొందారో ఆ విద్యలోనే పరాజితుడై కిరీటం పోగొట్టుకోవడం ఆయన జీవితంలోని విచిత్రం. నవంబరు 19 ఆయన జయంతి.

తండ్రి తప్పు పట్టిన నాలుగేళ్ల బాలుడు

కాపాబ్లాంకా 1888లో క్యూబా రాజధాని హవానాలోని ఒక కోటలో జన్మించారు. అప్పటికి క్యూబా స్పెయిన్ ఏలుబడిలో ఉంది. తండ్రి సైన్యంలో అధికారి. తీరిక వేళల్లో మిత్రులతో చదరంగం ఆడేవారు. నాలుగేళ్ల కుమారుడు పక్కన కూర్చుని చూస్తుండేవాడు. ఎవరూ నేర్పలేదు, అతడూ అడగలేదు. ఒకనాడు తండ్రి గుర్రాన్ని నియమం తప్పి తెల్ల గడి నుంచి తెల్ల గడికే దూకించారు. ఎదుటి వ్యక్తి గమనించలేదు. బాలుడు మాత్రం ఆట ముగిశాక నవ్వి, ఆ దొంగ ఎత్తును బయటపెట్టాడు. నీకు ఆట ఏం తెలుసని గద్దించిన తండ్రిని ఆ వెంటనే బల్ల ముందు కూర్చోబెట్టి ఓడించాడు. ఈ వృత్తాంతాన్ని తదనంతర కాలంలో కాపాబ్లాంకా స్వయంగా గ్రంథస్థం చేశారు.

బాలుడి మెదడుకు శ్రమ తగదని వైద్యులు హెచ్చరించడంతో కొంతకాలం ఆటకు దూరంగా ఉంచారు. మళ్లీ హవానా చదరంగ క్లబ్బుకు వెళ్లడం మొదలుపెట్టాక పెద్దలు కొన్ని పుస్తకాలు చేతికిచ్చారు. వాటిలో ముగింపు ఆటలకు సంబంధించిన పుస్తకం ఒకటి ఉంది. ఆటను ఎలా ఆరంభించాలో చెప్పే గ్రంథాలు అతడిని ఆకర్షించలేదు. ఈ పుస్తకం మాత్రం నచ్చింది. అందులోని కొన్ని ఘట్టాలను ఇష్టంగా అధ్యయనం చేశాడు. ఆ చిన్న ఇష్టమే ఆయన ఆటకు పునాది అయింది.

1901 చివరలో, పదమూడో ఏట అడుగుపెడుతున్న తరుణంలో, క్యూబాలో అగ్రశ్రేణి ఆటగాడైన హువాన్ కోర్సోతో పోటీ ఏర్పాటైంది. మొదటి రెండు ఆటలు బాలుడు ఓడిపోయాడు. ఆరంభ ఎత్తుల్లో కోర్సోకు ఉన్న పాండిత్యం అతడికి లేదు. అయినా కలత చెందలేదు. పావులను మార్చుకుంటూ ఆటను తనకు తెలిసిన చోటికి, అంటే చివరి దశకు, లాక్కెళ్లడం ప్రారంభించాడు. పోటీ ముగిసేసరికి నాలుగు గెలుపులు, మూడు ఓటములు, ఆరు డ్రాలతో విజయం అతడినే వరించింది.

చదువు విడిచి చదరంగానికి

ఉన్నత విద్య కోసం అమెరికా పంపారు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగ్‌లో చేరారు. అయితే తరగతి గది కంటే మన్‌హటన్ చదరంగ క్లబ్బులోనే ఎక్కువ కాలం గడిచింది. అక్కడ 1906లో జరిగిన వేగపు ఆటల పోటీలో అప్పటి ప్రపంచ విజేత ఇమాన్యుయెల్ లాస్కర్‌ను కూడా వెనక్కు నెట్టి ప్రథమ స్థానం పొందారు. 1908లో చదువుకు స్వస్తి చెప్పారు. మరుసటి ఏడాది అమెరికా మేటి ఫ్రాంక్ మార్షల్‌తో తలపడి ఎనిమిది ఆటలు గెలిచి, ఒక్కటే ఓడి, 14 డ్రా చేసుకున్నారు. మార్షల్ మెరుపు దాడులకు ప్రసిద్ధుడు. ఆ మెరుపులు ఆరిపోయేదాకా ఓపిక పట్టి, మిగిలిన కొద్దిపాటి పావులతో పని పూర్తి చేయడం కాపాబ్లాంకా పద్ధతి.

ఓడిన మార్షల్ ఔదార్యం ఇక్కడ చెప్పుకోదగినది. 1911లో స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్‌లో జరిగిన మహామహుల పోటీకి, తగిన అర్హతలు లేకున్నా, ఈ యువకుడిని అనుమతించాలని ఆయనే పట్టుబట్టారు. అనామకుడికి చోటేమిటని అభ్యంతరం లేవనెత్తిన వారిలో ఓసిప్ బెర్న్‌స్టెయిన్ ఒకరు. తొలి ఆటలోనే బెర్న్‌స్టెయిన్‌ను ఓడించి కాపాబ్లాంకా బదులు చెప్పారు. పోటీలో ప్రథమ స్థానమూ ఆయనదే. 1913లో క్యూబా ప్రభుత్వం విదేశాంగ శాఖలో ఉద్యోగమిచ్చింది. కార్యాలయంలో దస్త్రాలు చూసే కొలువు కాదది. దేశదేశాలు తిరిగి చదరంగం ఆడుతూ క్యూబా పేరు నిలబెట్టడమే ఆయన విధి.

లాస్కర్ నేర్పిన గుణపాఠం

1914లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగిన పోటీలో కాపాబ్లాంకా మొదటి నుంచీ ముందంజలో ఉన్నారు. చివరి ఘట్టంలో లాస్కర్‌తో ఆట వచ్చింది. లాస్కర్‌కు గెలుపు తప్పనిసరి. గెలవాల్సిన వాడు మంత్రిని బల్లపై ఉంచుకుని దాడికి దిగుతాడని ఎవరైనా అనుకుంటారు. లాస్కర్ మాత్రం ఏడో ఎత్తుకే మంత్రులను మార్చుకున్నారు. కాపాబ్లాంకా సొంత పొలంలోకే దిగి అక్కడే ఆయనను ఓడించారు. ఆ దెబ్బకు చలించిన కాపాబ్లాంకా మరునాడు టరాష్ చేతిలోనూ ఓడారు. అర పాయింటు తేడాతో ప్రథమ స్థానం లాస్కర్‌కు దక్కింది.

ప్రపంచ యుద్ధం కారణంగా కిరీటం కోసం పోరు 1921 దాకా జరగలేదు. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో హవానా ఎండల్లో ఇద్దరూ తలపడ్డారు. పద్నాలుగు ఆటల్లో కాపాబ్లాంకా నాలుగు గెలిచి, పది డ్రా చేసుకున్నారు. ఒక్కటీ ఓడలేదు. 27 ఏళ్లుగా లాస్కర్ వద్ద ఉన్న కిరీటం చేతులు మారింది. వీటిలో పదో ఆటను నేటికీ ముగింపు పాఠంగా చెబుతారు. లాస్కర్ వైపు మధ్యలో తోడులేని ఒంటరి బంటు ఒకటి మిగిలింది. పక్క బంటు అండలేని బంటును పావులే కాపాడాలి. బల్ల నిండా పావులున్నప్పుడు అది పెద్ద లోపంగా కనిపించదు. పావులు తగ్గేకొద్దీ దానికి కావలి కాయడమే మిగతా వాటి పని అవుతుంది. కాపాబ్లాంకా తొందరపడలేదు. ఒక్కొక్క పావునూ మార్చుకుంటూ 68 ఎత్తుల్లో ఆటను గెలుచుకున్నారు.

ముందు చివర నేర్చుకో

ఆ ఏడాదే ఆయన రాసిన చదరంగ మూలసూత్రాల గ్రంథం వెలువడింది. దాని అమరికే ఆయన అభిప్రాయాన్ని చాటుతుంది. తొలి పుటల్లోనే ఒక రాజు, ఒక ఏనుగు కలిసి ఒంటరి రాజును ఎలా కట్టివేయాలో నేర్పారు. ఏనుగు ఒక అడ్డవరుసను కంచెలా మూసివేస్తుంది. ఆ కంచె దాటలేక తిరుగుతున్న ఎదుటి రాజు ముందుకు మన రాజు నడిచి వెళ్లాలి. ఇద్దరు రాజులూ ఒక గడి ఎడంగా ముఖాముఖి నిలిచిన క్షణంలో ఏనుగు చెక్ చెబితే ఎదుటి రాజు ఒక వరుస వెనక్కు తగ్గక తప్పదు. ఇలా అంచుకు నెట్టుకుంటూ పోవాలి. ఏనుగు ఒక్కటే ఈ పని చేయలేదు, రాజు కదలాలి. ఆట మధ్యలో కోట చాటున దాగిన రాజు చివరి దశలో పోరాట యోధుడిగా మారాలన్నది ఆయన ప్రధాన సూత్రం.

తరువాతి పాఠం ఒక రాజు, ఒక బంటు. ఎదుటి వైపు రాజు మాత్రమే. బంటును చివరి వరుసకు చేర్చి మంత్రిని చేసుకుంటే గెలుపు, లేకుంటే డ్రా. ఇక్కడ బలం ఒకటే కాదు, వంతు కూడా ముఖ్యం. రాజులు ఒక గడి దూరంలో ఎదురెదురుగా నిలిచినప్పుడు ఎవరి వంతు వస్తే వారు పక్కకు జరగక తప్పదు. జరిగిన వైపు దారి తెరుచుకుంటుంది. ఇరుకు గట్టు మీద ఎదురైన ఇద్దరిలో ముందు కదిలినవాడే గట్టు దిగినట్లు! బంటును ముందుకు తోసి రాజును వెనుక నడిపించడం కొత్తవారు చేసే పొరపాటు. రాజు ముందు నడిచి దారి చేయాలి, బంటు వెనుక రావాలి.

ఆరంభ ఎత్తులు కంఠస్థం చేయడంతోనే సరిపెట్టుకునే అభ్యాసకులు ఆనాడూ ఉన్నారు. వారి పట్ల ఆయన వైఖరి స్పష్టం. ముగింపును దాని కోసమే విడిగా చదవవచ్చు. ఆరంభాన్ని, మధ్య దశను మాత్రం ముగింపుతో ముడిపెట్టకుండా చదవలేం. ఏ పావును మార్చుకోవాలో తేల్చుకోవాలంటే మార్చుకున్నాక ఏమి మిగులుతుందో తెలిసి ఉండాలి కదా. కంప్యూటర్ చూపే ఆరంభ ఎత్తులను వల్లెవేస్తున్న ఈ కాలపు పిల్లలకు సైతం ఆ మాట వర్తిస్తుంది.

రెండు బంట్లు వదులుకుని..

1916 ఫిబ్రవరి నుంచి 1924 మార్చి దాకా ఎనిమిదేళ్ల పాటు పోటీ ఆటల్లో కాపాబ్లాంకా ఓటమి ఎరుగరు. ఎత్తులు వేసే యంత్రమని లోకం పేరుపెట్టింది. 1922లో క్లీవ్‌లాండ్‌లో ఒకేసారి 103 మందితో ఆడి 102 మందిని ఓడించి, ఒక్కరితో డ్రా చేసుకున్నారు. 1924లో న్యూయార్క్ పోటీలో రిచర్డ్ రెటీ ఆ జైత్రయాత్రకు అడ్డుకట్ట వేశారు. ఆ వార్త పత్రికలకు సంచలనమైంది.

అదే పోటీలో సావియెలీ టార్టకోవర్‌తో జరిగిన ఆట ముగింపు విద్యార్థులకు నిత్య పారాయణం. ఇరువైపులా ఒక్కో ఏనుగు, కొన్ని బంట్లు మిగిలాయి. కాపాబ్లాంకా ఏనుగు ఎదుటివాడి ఇంట్లో, ఏడో వరుసలో కూర్చుంది. టార్టకోవర్ ఏనుగు ఇటు వచ్చి బంట్లను కబళించడానికి సిద్ధంగా ఉంది. సామాన్యుడైతే వెనక్కు తగ్గి బంట్లను కాచుకుంటాడు. కాపాబ్లాంకా రెండు బంట్లను ఊరికే వదిలేశారు. అవి రెండూ చెక్‌తో సహా పోయాయి. ఆ వ్యవధిలో ఆయన రాజు అంచు వెంబడి అడుగులు వేస్తూ ఎదుటి శిబిరం నడిబొడ్డుకు చేరాడు. అక్కడ చేతికందే దూరంలో ఒక శత్రు బంటు ఉంది. దానినీ చంపలేదు! ఆ బంటునే డాలుగా అడ్డం పెట్టుకుని ఏనుగు చెక్‌ల నుంచి రాజు తప్పించుకున్నాడు. ఇక ముందుకు తోసిన బంటు, ఏడో వరుసలోని ఏనుగు, పక్కన నిలిచిన రాజు కలిసి ఎదుటి రాజుకు ఊపిరి సలపనివ్వలేదు. పోయిన బంట్లు వడ్డీతో సహా తిరిగొచ్చాయి. బంట్ల సంఖ్య కన్నా రాజు నిలిచిన చోటు మిన్న అని ఇంతకంటే తేటగా చెప్పిన ఆట అరుదు.

ఆ కాలంలో ఆయన అందగాడిగా, మాటకారిగా, రాయబారిగా వెలిగారు. 1925లో మాస్కో వెళ్లినప్పుడు చదరంగ జ్వరంపై అక్కడ తీసిన మూకీ చిత్రంలో తన పాత్రలో తానే కనిపించారు. మేటి ఆటగాళ్ల మధ్య ఆటలన్నీ డ్రాలుగా ముగిసిపోతాయన్న భయంతో బల్లను పెంచి రెండు కొత్త పావులు చేర్చాలని కూడా ప్రతిపాదించారు. తన ఆటపై ఆయనకున్న భరోసా కొంత అతిశయానికి దారితీసిందని ఆ ప్రతిపాదనను బట్టి అనుకోవచ్చు. ఇంట్లో చదరంగం బల్ల పెట్టుకుని గంటల తరబడి సాధన చేసే అలవాటు ఆయనకు లేదు.

బ్యూనస్ ఎయిర్స్‌లో పతనం

సాధన చేసేవాడు ఒకడు ఎదురు చూస్తున్నాడు. రష్యాలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన అలెగ్జాండర్ అలెఖిన్ అప్పటిదాకా కాపాబ్లాంకాపై ఒక్క ఆటా గెలవలేదు. అయినా ఆయన ఆటలన్నింటినీ ముందేసుకుని ఎత్తు ఎత్తునూ పరిశీలించారు. ముగింపు దశలోనూ ఈ మహామేధావి అజేయుడు కాడని ఆ పరిశీలనలో గ్రహించారు. లోకం మొత్తం కళ్లు మూసుకుని నమ్మిన చోట కళ్లు తెరిచి చూడటమే అలెఖిన్ గొప్పతనం.

1927 సెప్టెంబరులో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో పోరు ఆరంభమైంది. ముందుగా ఆరు ఆటలు గెలిచిన వారిదే కిరీటం, డ్రాలు లెక్కలోకి రావు. రెండు నెలలకు పైగా సాగిన ఆ సమరంలో 34 ఆటలు జరిగాయి. అందులో 25 డ్రాలే. ఐదు గెలుపులతో ఉన్న అలెఖిన్ 34వ ఆటలో ఒక బంటు లాభం పొందారు. పావులు మారుతూ మారుతూ చివరకు ఇరువైపులా ఒక్కో ఏనుగు, బంట్లు మిగిలాయి. కాపాబ్లాంకాకు కొట్టినపిండి అయిన ముగింపే అది. తేడా ఏమిటంటే, ఈసారి ఆయన బంటు తక్కువ వైపున కూర్చున్నారు.

బల్ల ఎడమ అంచున అలెఖిన్ బంటు ముందుకు సాగుతోంది. దానిని అడ్డుకునే బంటు లేదు. అలెఖిన్ తన ఏనుగును ఆ బంటు వెనుక నిలిపారు. బంటు ముందుకు జరిగేకొద్దీ వెనుకనున్న ఏనుగుకు చోటు పెరుగుతుంది. ముందు నిలిచి అడ్డుకుంటున్న కాపాబ్లాంకా ఏనుగుకు చోటు తరిగిపోతుంది. ఏనుగు కట్టుబడిపోయింది కాబట్టి కాపాబ్లాంకా రాజు కూడా కావలికి రావాల్సి వచ్చింది. అప్పుడు అలెఖిన్ రాజు రెండో వైపుకు మళ్లి అక్కడి బంట్లపై పడ్డాడు. ఒక రాజు రెండు చోట్ల కావలి కాయలేడు. ఆటను మధ్యలో వాయిదా వేసినప్పుడు 82 ఎత్తులు పూర్తయ్యాయి. నవంబరు 29న కాపాబ్లాంకా మళ్లీ బల్ల ముందుకు రాలేదు. ఓటమిని అంగీకరిస్తూ లేఖ పంపారు. ఆరుకు మూడు గెలుపుల తేడాతో కిరీటం అలెఖిన్ పరమైంది. ప్రతి ముగింపు పాఠంలో బంటు వెనుక ఏనుగు అన్న సూత్రానికి ఉదాహరణగా నేటికీ ఈ ఆటే కనిపిస్తుంది.

దక్కని రెండో అవకాశం

ప్రపంచ విజేతను సవాలు చేయాలంటే పది వేల డాలర్ల నిధి సమకూర్చాలన్న నిబంధన 1922లో లండన్‌లో కుదిరింది. దాని రూపకర్త కాపాబ్లాంకాయే. విజేతగా ఉన్నప్పుడు సవాలుదారులకు అడ్డుగోడగా నిలిచిన ఆ నిబంధనను ఓడిన తరువాత అలెఖిన్ ఆయనకే అడ్డుపెట్టారు. 1929లో అమెరికాను ఆర్థిక మాంద్యం ముంచెత్తాక అంత సొమ్ము పుట్టడం గగనమైంది. ఉత్తర ప్రత్యుత్తరాలు కటువెక్కాయి. ఇద్దరి మధ్య మాటలు లేకుండా పోయాయి. మలి పోరు ఎన్నడూ జరగలేదు.

ఆ మధ్య కాలంలోని ఒక ఓటమి భారతీయులకు గుర్తుండదగినది. 1930-31 హేస్టింగ్స్ పోటీలో పంజాబ్ నుంచి వెళ్లిన మీర్ సుల్తాన్ ఖాన్ కాపాబ్లాంకాను ఓడించారు. సుల్తాన్ ఖాన్ దేశవాళీ చదరంగంలో పెరిగినవారు. అందులో బంటు తొలి ఎత్తులోనూ ఒక్క గడే నడుస్తుంది. అందువల్ల పాశ్చాత్య ఆరంభ ఎత్తులు ఆయనకు కొరుకుడు పడలేదు గానీ మధ్య, చివరి దశల్లో ఆయన బలం అసామాన్యం. పుస్తకం కన్నా స్వభావమే గురువైన ఆ ఆటగాడిలో కాపాబ్లాంకా ప్రతిభను గుర్తించి ప్రశంసించారు. సుల్తాన్ ఖాన్‌కు అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 2024లో మరణానంతరం గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ప్రకటించింది.

1936లో, 47 ఏళ్ల వయసులో, కాపాబ్లాంకా మళ్లీ పూర్వ వైభవం చూపారు. మాస్కోలో ప్రథమ స్థానం. అదే ఏడాది నాటింగ్‌హామ్‌లో సోవియట్ యువకుడు మిఖాయిల్ బోత్విన్నిక్‌తో కలిసి ప్రథమ స్థానం. అక్కడే 1927 తరువాత తొలిసారి అలెఖిన్‌తో ఎదురుపడి గెలిచారు. కిరీటం రాలేదు గానీ తొమ్మిదేళ్ల బాకీ కొంతైనా తీరింది. ఆపైన రక్తపోటు ఆయనను కుంగదీసింది. 1938లో నెదర్లాండ్స్‌లో ఎనిమిది మంది మేటుల నడుమ జరిగిన పోటీలో ఏడో స్థానానికి పరిమితమయ్యారు. మరుసటి ఏడాది బ్యూనస్ ఎయిర్స్ ఒలింపియాడ్‌లో క్యూబా తరఫున మొదటి బల్లపై ఆడి అత్యుత్తమ ఫలితం సాధించారు. తాను కిరీటం కోల్పోయిన నగరం అదే.

చివరి రోజుల్లో రేడియో కోసం స్పానిష్ భాషలో చదరంగ ప్రసంగాలు సిద్ధం చేశారు. ఆట మెరుగుపడాలంటే అన్నింటికన్నా ముందు ముగింపును అభ్యసించాలని వాటిలోనూ బోధించారు. ఆయన మరణానంతరం భార్య ఓల్గా చొరవతో అవి పుస్తకంగా వచ్చాయి.

1942 మార్చి 7 సాయంత్రం మన్‌హటన్ చదరంగ క్లబ్బులో ఇతరుల ఆట చూస్తూ కాపాబ్లాంకా కుప్పకూలారు. మౌంట్ సినాయ్ ఆసుపత్రికి తరలించారు. మరునాడు తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఏడాది క్రితం లాస్కర్ కన్నుమూసింది కూడా ఆ ఆసుపత్రిలోనే. భౌతికకాయాన్ని హవానా తీసుకొచ్చి కొలోన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. 1962 నుంచి క్యూబాలో ఆయన పేరిట అంతర్జాతీయ పోటీలు నిర్వహిస్తూ వచ్చారు. సమాధిపై చదరంగపు రాజు పావును పాలరాతిలో మలిచి నిలిపారు.